చెరువులు కాపాడే చైర్మన్ అని నమ్మి ఫ్లాట్ కొన్నాం, కొనబోయేవాళ్లు జాగ్రత్త

హైదరాబాద్ పడమటి వైపు చెరువు పక్కన ఫ్లాట్ చూస్తున్నవాళ్లు టోకెన్ ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. మా అసోసియేషన్ తరఫున ఫిర్యాదు నడుస్తోంది, పేరు బయటపెట్టొద్దని లాయర్ గారు గట్టిగా చెప్పారు. పేరు తెలియకపోయినా జరిగింది తెలిస్తే మీ డబ్బు జాగ్రత్త పడుతుందని రాస్తున్నాను.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు, జులైలో వానలు పడుతున్న రోజుల్లో, వాళ్ల బడికి ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ చైర్మన్ గారు వచ్చారు. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల గురించి పిల్లలకు చెప్పారట. పై చెరువు అలుగు పారితే కింది చెరువు ఎలా నిండుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించారట. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక కానుగ మొక్క పెట్టారు. అమ్మాయి ఇంటికొచ్చి అన్నం తినకుండా ముందు ఆ బొమ్మ నాకు గీసి చూపించింది. ఆ తర్వాత ఆయన్ని చాలాచోట్ల చూశాను. చెరువుల కోసం పరుగు పెట్టించారు, ఆదివారాలు మోకాలి లోతు నీళ్లలో దిగి గుర్రపుడెక్క తీశారు, టీవీ చర్చల్లో కబ్జాదారుల మీద మండిపడ్డారు.

ఫ్లాట్ కొందామనుకున్నప్పుడు మూడు ప్రాజెక్టులు చూశాం. అడుగుకు ధర ఆయనదే ఎక్కువ. మా ఆయన వెనకాడారు. నేనే పట్టుబట్టాను. చెరువు కోసం నీళ్లలో దిగే మనిషి మనకు అన్యాయం చేయడు అన్నాను. సైట్ ఆఫీసు గోడ నిండా ఆయన చెరువు ఫొటోలే. అక్కడి సేల్స్ అబ్బాయి కూడా గోడల మందం గురించి, డ్రైనేజీ గురించి అడిగిన ప్రతిసారీ ‘మా సార్ గురించి మీకు తెలుసు కదా మేడమ్’ అనేవాడు. తెలుసు అనుకునే తల ఊపాను. బ్రోచర్లో మురుగునీరు ఒక్క చుక్క కూడా బయటికి పోదని, అంతా ఎస్టీపీలో, అంటే అపార్ట్‌మెంట్లోనే ఉండే మురుగు శుద్ధి ప్లాంటులో, శుద్ధి చేసి మొక్కలకు వాడతామని రాసి ఉంది. ఆ బ్రోచర్ పారేయకుండా దాచడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

దిగిన మొదటి ఏడాది ఏమీ తెలియలేదు, సగం ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయి. రెండో ఏడాది వానాకాలంలో సెల్లార్లోకి మురుగు వచ్చేసింది. వాసన నాలుగో అంతస్తు దాకా కొట్టింది. ప్లంబర్‌ని పిలిపిస్తే చాంబర్ మూత ఎత్తి చూపించాడు. ఎస్టీపీకి పోవాల్సిన లైను నుంచి పక్కకి ఇంకో పైపు ఉంది, అది వాననీటి కాలువలోకి వెళ్తోంది. ‘ఇది మధ్యలో పెట్టింది కాదమ్మా, కట్టేటప్పుడే వేశారు’ అన్నాడు. ఎస్టీపీ గదిలోకి వెళ్లి చూస్తే గాలి కొట్టే బ్లోయర్ల మీద వేలు పెడితే అంటుకునేంత దుమ్ము. ట్యాంకులో నీళ్లు నల్లగా నిలిచిపోయి ఉన్నాయి. మురుగును తినే బ్యాక్టీరియా బతకాలంటే ఆ నీళ్లలోకి గాలి కొడుతూనే ఉండాలి. గాలి కొట్టాలంటే కరెంటు కావాలి, ఆపరేటర్ కావాలి, నెలనెలా డబ్బు కావాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఆ పైపు.

ఆ కాలువ ఎక్కడికి పోతుందో చూద్దామని మా ఆయన, ఇంకో ఇద్దరు దాని వెంబడే నడుచుకుంటూ వెళ్లారు. కిలోమీటరు కూడా లేదు. చైర్మన్ గారు దిగి గుర్రపుడెక్క తీసిన చెరువులోనే అది కలుస్తోంది. గుర్రపుడెక్క అంత దట్టంగా పెరిగేది మురుగులో ఉండే నత్రజని, ఫాస్ఫరస్‌తోనే. ఆయన పీకించిన మొక్కకు ఆయన కట్టిన భవనమే ఎరువు పోస్తోంది. అందులో మా ఇంటి నీళ్లు కూడా ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కంపెనీకి ఉత్తరం రాశాం. హ్యాండోవర్ అయిపోయింది కాబట్టి ఇక అసోసియేషన్‌దే బాధ్యత, నిర్వహణ కోసం అందరూ కట్టిన కార్పస్ ఫండ్ నుంచి బాగు చేయించుకోండి అని జవాబిచ్చారు. చైర్మన్ గారిని కలుస్తామని మూడుసార్లు అడిగాం. ఊళ్లో లేరన్నారు. ఆ వారంలోనే ఆయన నగరంలోని ఒక కాలేజీలో నీటి పొదుపు గురించి మాట్లాడిన ఫొటో పేపర్లో వచ్చింది.

ఆయనకు చెరువుల మీద ప్రేమ లేదని నేను అనను. ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? పిల్లలకు చెప్పిన పాఠం మంచిదే. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ మంచి పనిని నేను ఫ్లాట్‌కు గ్యారంటీ కాగితం అనుకున్నాను.

మన దగ్గర ఇది ఇంతకుముందు జరగనిది కాదు. మా నాన్నకు గుండెనొప్పి వచ్చిన రాత్రి 108 బండే ఆసుపత్రికి చేర్చింది. ఆ సర్వీసును 2005లో మొదలుపెట్టించింది సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన రామలింగరాజు గారు. ఆ కుటుంబం ఫౌండేషన్ పెట్టి పల్లెల్లో మంచినీళ్లకు, వైద్యానికి కూడా ఖర్చు చేసింది. సత్యం కంపెనీకి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న, లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే బోర్డుకు లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. ఇచ్చిన అవార్డు వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది, అప్పీలు మీద మరుసటి నెల బెయిల్ వచ్చింది. 108 మాత్రం ఇవాళ్టికీ ప్రాణాలు కాపాడుతూనే ఉంది. నేను ఆ బండికి జీవితాంతం రుణపడి ఉంటాను. కానీ అంబులెన్సు వేళకు వచ్చినంత మాత్రాన ఆ యజమాని కంపెనీ లెక్కలు సరిగ్గా ఉన్నట్టు కాదని మనందరం 2009లోనే తెలుసుకోవాల్సింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, నాకూ ఈ గొడవలో పడ్డాకే తెలిసింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాల్సిందే. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మొక్కలు నాటడం, చెరువు శుభ్రం చేయించడం ఆ లెక్కలోకి వస్తాయి. తన వ్యాపారంలో భాగంగా ఎలాగూ చేయాల్సిన పని ఆ లెక్కలోకి రాదు. కాబట్టి చెరువు గట్టు మీద పెట్టిన ఖర్చు రిపోర్టులో ఫొటోతో సహా కనిపిస్తుంది. మన ఎస్టీపీ సరిగ్గా నడిపితే అయ్యే ఖర్చు ఎక్కడా ఫొటోకు రాదు.

అందుకని నేను ఇప్పుడు అందరికీ ఒకటే చెబుతున్నాను. యజమాని ఏ విషయం గురించి ఎక్కువగా మాట్లాడుతున్నారో, సరిగ్గా ఆ విషయంలోనే వాళ్ల కంపెనీ కాగితాలు తీసి చూడండి. చెరువుల గురించి మాట్లాడితే ముందు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే గీత, చూడండి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ స్థలం, వదలాలని 2012 నాటి 168 నంబరు జీవోలో ఉంది. 2024లో చెరువు కబ్జాలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక బఫర్ అంటే ఏమిటో నగరం అంతటికీ తెలిసింది. కానీ కూల్చాక తెలుసుకుని లాభం లేదు. కట్టడం మొత్తం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి లేఖలో ఎస్టీపీ ఎంత సామర్థ్యంతో కట్టాలో, శుద్ధి చేసిన నీళ్లు ఏం చేయాలో షరతులుగా రాసి ఉంటుంది. వాటిని పాటిస్తున్నామని ఆరు నెలలకోసారి రిపోర్టు కూడా ఇవ్వాలి. అనుమతి లేఖ, రిపోర్టు రెండూ అడగండి. మేం అడగలేదు.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ చట్టం కింద ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ప్రీలాంచ్ ఆఫర్ అని ఎవరైనా పిలిస్తే, ఆ చైర్మన్ ఎంత మంచివాడని పేరున్నా వెళ్లకండి. 500 చదరపు మీటర్ల స్థలం గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటితే రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ఆ రెరా చట్టంలోనే రెండు సెక్షన్లు చదువుకోండి. 12వ సెక్షన్ ప్రకారం బ్రోచర్లో, ప్రకటనలో రాసిన అబద్ధానికి కూడా బిల్డరే బాధ్యుడు. 14వ సెక్షన్ ప్రకారం హ్యాండోవర్ అయిన ఐదేళ్లలోపు కట్టడంలో గానీ సేవల్లో గానీ లోపం చూపిస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగు చేయాలి. ‘హ్యాండోవర్ అయిపోయింది’ అన్న మాట విని మేం నాలుగు నెలలు పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోవద్దు. పచ్చదనం పేరుతో తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు కూడా తెచ్చింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

అన్నిటికంటే తేలికైన పని ఆ బిల్డర్ మూడు నాలుగేళ్ల కిందట అప్పగించిన ప్రాజెక్టుకు ఒక ఆదివారం పొద్దున వెళ్లడం. మోడల్ ఫ్లాట్ చూడటానికి పట్టే టైమే పడుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని మురుగు ట్యాంకర్లు రాత్రిపూట వస్తాయా అని అడగండి. ఎస్టీపీకి విడిగా కరెంటు మీటరు ఉంటే గత ఆరు నెలల బిల్లులు చూపించమని అసోసియేషన్‌ని అడగండి. మేం మొన్న, అంతా అయిపోయాక, ఇదే కంపెనీ పాత ప్రాజెక్టుకు వెళ్లాం. అక్కడి సెక్రటరీ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మారు మాట్లాడకుండా ఒక ఫైలు తెచ్చి ముందు పెట్టారు. ఎస్టీపీ మీటరు ఏళ్ల తరబడి కనీస చార్జీ దగ్గరే ఉంది, అంటే యంత్రాలు నడపనే లేదు. మేం టోకెన్ ఇచ్చే నాటికే ఆ ఫైలు ఆ బీరువాలో ఉంది.