కాలాఢూంగీలో కార్బెట్ ఇల్లు: పావుగంట ఆగి వెళ్లిపోకండి

ఢిల్లీలో రాత్రి రైలెక్కి పొద్దున్నే ఉత్తరాఖండ్‌లోని రామ్‌నగర్‌లో దిగాం. అక్కణ్ణుంచి నైనీతాల్ రోడ్డులో దాదాపు 30 కిలోమీటర్లు పోతే కాలాఢూంగీ. మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ మ్యూజియం అక్కడే. "అందులో చూడ్డానికేముంది సార్, పావుగంట ఆపుతా" అన్నాడు టాక్సీ అబ్బాయి. మమ్మల్ని దించేసి వెళ్లిపొమ్మన్నాం. అదే మంచిదైంది.

మ్యూజియం అనగానే పెద్ద భవనం ఊహించుకోకండి. కార్బెట్, ఆయన అక్క మ్యాగీ చలికాలంలో ఉండటానికి 1922లో కట్టుకున్న బంగళా అది. ఆయన వాడిన సామాన్లు, ఉత్తరాలు, పాత ఫొటోలు. నింపాదిగా చూసినా ముప్పావుగంటలో అయిపోతుంది. పులులుంటాయనుకుని వచ్చిన మావాడు పది నిమిషాలకే తోటలోకి పరిగెత్తాడు. వాడికి నచ్చింది ఒక్కటే, ఆయన పెంపుడు కుక్కల సమాధులు.

436 మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో కాల్చింది ఈయనే. తర్వాత్తర్వాత తుపాకీ తగ్గించి, కెమెరా పట్టుకుని పులుల వెంట తిరిగాడు. 1947లో కెన్యా వెళ్లిపోయి, 1955లో అక్కడే పోయాడు. ఇదంతా చదువుకుని వెళ్లిందే. తెలియంది పక్కనున్న ఊరి సంగతి.

ఛోటీ హల్ద్వానీ అని, కార్బెట్ భూమి కొని రైతుల్ని కుదిర్చిన ఊరు. అడవి జంతువులు పంట మీద పడకుండా చుట్టూ రాతిగోడ కట్టించాడు. ఊరి కుర్రాణ్ణి గైడ్‌గా పెట్టుకుని ఆ గోడ వెంట కొంతదూరం నడిచాం. పంట పాడైతే రైతుకి ఎలా ఉంటుందో ఆ షికారీకి తెలుసన్నమాట! గదుల్లోకంటే నాకు ఆయన ఇక్కడే ఎక్కువ కనిపించాడు.

ఆ రాత్రి ఊళ్లోనే ఒకరింట్లో బస. గీజర్ లేదు, బకెట్లో కాచిన నీళ్లిచ్చారు. వేడివేడి రొట్టెలు, ఆలూ గుట్కే అనే బంగాళదుంప వేపుడు, నల్ల సోయాతో చేసిన భట్ పప్పు. మా ఆవిడ రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. చలికాలమైతే స్వెటర్లు, చేతిలో కాస్త నగదు తప్పనిసరి.

మర్నాడు ముందే డబ్బు కట్టేసిన రిసార్టుకి పోక తప్పలేదు. గది బ్రహ్మాండం, అద్దె మూడింతలు. పూల్ పక్కన డీజే మాత్రం రాత్రి పదకొండు దాటినా ఆగలేదు. అడవి అంచున ఆ గోలేమిటో! ఆ రాత్రి కూడా ఊళ్లోనే ఉండాల్సింది.