పోర్టు లాక్ లోపలే పిన్ను తిప్పాలా, బయట తిప్పాలా: ఏది మేలు?

గుణుపురం, పర్లాకిమిడి వైపు రైస్ మిల్లులో పెట్టే బోర్డునే తీసుకుందాం. కరెంటు మీటరు, మోటారు డ్రైవు ఒకే ఆర్‌ఎస్‌485 (పలు పరికరాలు పంచుకునే సీరియల్ లైను) జత తీగ మీద ఉంటాయి. చిన్న లినక్స్ బోర్డు వాటిని 9600 బాడ్‌తో (సెకనుకు 9600 బిట్లు) మోడ్‌బస్‌లో (ఇలాంటి పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) అడుగుతుంది. తీగ ఒక్కటే కాబట్టి ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. ఆ పని ట్రాన్స్‌సీవర్ (తీగ మీదికి పంపే, వినే) చిప్పు మీది డీఈ (డ్రైవర్ ఎనేబుల్) పిన్నుది: పైకి లేస్తే పంపడం, కిందికి దిగితే వినడం. సీరియల్ డ్రైవరుకు (పోర్టును నడిపే కెర్నెల్ కోడు) ప్యాచ్ (కోడు మార్పు) వస్తే, ఆ పిన్నును ఎక్కడ, ఏ లాక్ (ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకుని తిప్పుతున్నారన్నది ముందు చూడాలి.

మొదటి పద్ధతిలో స్టార్ట్-టీఎక్స్‌లోనే (పంపడం మొదలుపెట్టే ఫంక్షన్) పిన్‌కంట్రోల్ స్టేట్ (పిన్నులు ఎలా ఉండాలన్న అమరిక) మార్చేస్తారు, స్టాప్-టీఎక్స్‌లో వెనక్కి తెస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కోడు పది లైన్లు, లాక్ ఎలాగూ చేతిలో ఉంది, పోటీ పడే దారి మరొకటి లేదు. చిక్కు అక్కడే ఉంది. సీరియల్ కోర్ ఆ ఫంక్షన్‌ను పోర్టు స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఆగే లాక్) పట్టుకుని, ఇంటరప్ట్‌లు (హార్డ్‌వేరు పిలుపులు) ఆపి పిలుస్తుంది. తాళం చేతిలో ఉండగా కునుకు తీయకూడదు. పిన్ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటే ఒకటి రెండు రిజిస్టర్లు రాసి పని ముగుస్తుంది, పరీక్షలో ఏమీ బయటపడదు. రేపు ఇదే డ్రైవరు మరో బోర్డుకెక్కి, ఆ పిన్ను ఐ2సీ ఎక్స్‌పాండర్ (నెమ్మదైన ఐ2సీ తీగల మీద అదనపు పిన్నులిచ్చే చిప్పు) వెనక ఉందనుకోండి. ఒక్క రిజిస్టరు రాయడానికి మూడు బైట్లు, అంటే 27 క్లాకులు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర పావు మిల్లీసెకను దాటుతుంది, అది అయ్యేదాకా ఐ2సీ డ్రైవరు నిద్రపోతుంది. లాగ్‌లో 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' అని పడుతుంది. స్టేట్ మార్చే పిలుపును నిద్రపోకూడని చోట వాడొద్దని కెర్నెల్ పిన్‌కంట్రోల్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తోంది.

రెండో పద్ధతిలో పిన్‌మక్స్ (ఏ పిన్నుకు ఏ పనో చెప్పే అమరిక) జోలికి మాటిమాటికీ పోరు. ప్రోబ్‌కు (డ్రైవరు పరికరాన్ని మొదట సిద్ధం చేసే దశ) ముందే డ్రైవర్ కోర్ 'డిఫాల్ట్' స్టేట్ పెట్టేస్తుంది. ప్రోబ్‌లో మళ్లీ అదే పెట్టే లైన్లు ప్యాచ్‌లో కనిపిస్తే తీసేయమనండి. డీఈని హార్డ్‌వేరు ఆర్‌టీఎస్‌కో (సీరియల్ పోర్టు తానే నడిపే సిగ్నల్), నిద్రపోని జీపీఐఓకో (కోడు నేరుగా తిప్పగల పిన్ను) అప్పగిస్తారు. నిజంగా మక్స్ మార్చాల్సిన బోర్డయితే ఆ పని స్టార్టప్, షట్‌డౌన్‌లలో (పోర్టు తెరిచే, మూసే ఫంక్షన్లు) చేయాలి. అక్కడ చేతిలో ఉండేది మ్యూటెక్స్ (నిద్రను అనుమతించే లాక్), నిద్రపోయినా తప్పులేదు. మా ఓటు దీనికే.

అయితే రెండో పద్ధతి ఎంచుకున్నంత మాత్రాన పిన్ను సరైన క్షణంలో దిగుతుందని కాదు, ఇక్కడే ఎక్కువ ప్యాచ్‌లు తడబడతాయి. 16550 (బాగా వాడుకలో ఉన్న సీరియల్ చిప్పు) తరహా పోర్టులో లైన్ స్టేటస్ రిజిస్టరు 5వ బిట్ హోల్డింగ్ రిజిస్టరు (తర్వాతి బైటు వేచి ఉండే చోటు) ఖాళీ అయిందని చెబుతుంది, 6వ బిట్ షిఫ్ట్ రిజిస్టరు (బైటును బిట్టు బిట్టుగా తీగ మీదికి పంపేది) కూడా ఖాళీ అయిందని చెబుతుంది. మామూలుగా ఇంటరప్ట్ వచ్చేది మొదటిదానికే. అది రాగానే డీఈ దించేస్తే తీగ మీద ఇంకా నడుస్తున్న చివరి బైటు తెగిపోతుంది. మీటరు చదివే అభ్యర్థన 8 బైట్లు, చివరిది సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ సంఖ్య) పై బైటు. అది తెగితే మీటరు ఫ్రేమును పారేసి మౌనంగా ఉంటుంది, పైన ప్రోగ్రాంకు టైమౌట్ తప్ప ఏమీ తెలియదు. 9600 దగ్గర ఒక అక్షరానికి, అంటే ఒక బైటుకు, సుమారు 1.04 మిల్లీసెకన్లు. అంతసేపు లాక్ పట్టుకుని లూపులో తిరగడం పరిష్కారం కాదు. హెచ్‌ఆర్‌టైమర్ (కెర్నెల్‌లోని సూక్ష్మమైన టైమరు) పెట్టి, అది మోగాక లాక్ తీసుకుని 6వ బిట్ చూసి పిన్ను దించాలి. మరీ ఆలస్యమైనా దెబ్బే: 3.5 అక్షరాల మౌనం, అంటే సుమారు 3.6 మిల్లీసెకన్లు గడిచాక మీటరు బదులు మొదలుపెట్టవచ్చు. అప్పటికీ డీఈ పైనే ఉంటే బదులులో మొదటి బైటు, అంటే మీటరు చిరునామా, పాడవుతుంది.

కరెంటు పోయి బోర్డు బ్యాటరీ మీద సస్పెండ్‌కు వెళ్లేటప్పుడు వరుస ముఖ్యం. ముందు పోర్టును ఆపాలి, తర్వాత పిన్నులను 'స్లీప్'కు పంపాలి. లేచేటప్పుడు పిన్నులు ముందు, పోర్టు తర్వాత. తిరగేస్తే ఆర్‌ఎక్స్ (బైట్లు అందుకునే పిన్ను) గాలిలో ఊగి చెత్త బైట్లు, ఫ్రేమింగ్ ఎర్రర్లు వస్తాయి. స్లీప్‌లో డీఈ గాలిలో ఊగి పైకి లేస్తే బోర్డు నిద్రలోనే తీగను బిగబట్టి, మిల్లులో మిగతా పరికరాల నోరు కూడా నొక్కేస్తుంది. అందుకే డీఈకి 10 కిలో ఓమ్‌ల పుల్‌డౌన్ (పిన్నును కిందికి లాగి ఉంచే రెసిస్టరు) ఉందో లేదో స్కీమాటిక్‌లో చూడండి.

లాకింగ్ ప్యాచ్‌లో రెండే చూస్తే చాలా బయటపడతాయి. ఇంటరప్ట్ హ్యాండ్లరూ తీసుకునే లాక్‌ను ప్రాసెస్ దారిలో ఇంటరప్ట్‌లు ఆపకుండా తీసుకున్నారా? తీసుకుంటే అదే సీపీయూ మీద హ్యాండ్లరు వచ్చి అదే తాళం కోసం ఎప్పటికీ తిరుగుతూ ఉంటుంది. లాక్ లోపల ఎర్రర్ మెసేజ్ ప్రింటు చేస్తున్నారా? ఆ పోర్టే కన్సోల్ (కెర్నెల్ మెసేజ్‌లు వెళ్లే చోటు) అయితే, ప్రింటు కూడా అదే లాక్ అడిగి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పిన్ మార్పు, లాక్ మార్పు ఒకే ప్యాచ్‌లో వస్తే విడగొట్టమని అడగండి. రేపు బైసెక్ట్ చేసేవాడికి (ప్యాచ్‌లను సగం సగంగా పరీక్షిస్తూ తప్పు ఎక్కడొచ్చిందో వెతికేవాడికి) ఏది విరగ్గొట్టిందో తెలియాలి.

పరీక్షకు డీబగ్ అటామిక్ స్లీప్ (నిద్రపోకూడని చోట నిద్రను పట్టేది), ప్రూవ్ లాకింగ్ (లాక్ తప్పులు పట్టేది) రెండూ ఆన్ చేసిన కెర్నెల్ కట్టండి. మీటరును ఆపకుండా చదివిస్తూ బోర్డును నిద్రపుచ్చి లేపండి. ఆసిలోస్కోప్ ఒక చానెల్ టీఎక్స్ (బైట్లు పంపే పిన్ను) మీద, ఇంకొకటి డీఈ మీద పెట్టండి. చివరి స్టాప్ బిట్ పూర్తయ్యాకే డీఈ దిగాలి, దిగాక మీటరు బదులు మొదలవడానికి ముందు ఖాళీ కనిపించాలి.