రెప్పల వాపు, పొడికళ్లు: ఏళ్లుగా వాడినవాటిలో ఏది నిలబడింది

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సీజన్‌లో పొద్దున్నే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దిగుతాయి, కోసి సరుకు చూపిస్తారు, బేరం కుదిరాక కాటా, ఆ తర్వాత రైతు చేతికి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్కల చీటీ. ఆ పట్టీలు కొట్టే కంప్యూటర్ ముందే నా రోజంతా గడుస్తుంది. ఇలాంటి చోట కళ్లు ఎర్రబడటం, నీళ్లు కారడం ఎవరికీ వింత కాదు. నాదీ మిర్చి ఘాటేనని అందరూ అన్నారు. కానీ వేసవిలో యార్డుకి సెలవులిచ్చినా నా కళ్లు తేరుకోలేదు. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉండేవి. వెంట్రుకల మొదళ్లలో పొట్టు, రెప్ప అంచంతా ఎరుపు. సాయంత్రానికి గరగర, మంట, తెర మీద అంకెలు ఒకసారి తేటగా, ఒకసారి మసకగా. డాక్టర్ చెప్పిన పేరు బ్లెఫరైటిస్. రెప్పల అంచుల్లో వచ్చే వాపు అది, పొడికళ్లు దాని వెంటే వస్తాయి. అప్పట్నుంచి ఏళ్లుగా ఒకటి తర్వాత ఒకటి వాడుతూ వస్తున్నాను. నాలాగే బాధపడుతున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నాకు ఎక్కువ మేలు చేసింది చుక్కలమందు కాదు, వేడి కాపడం. ఎందుకో తెలియాలంటే డాక్టర్ గారు ఆ రోజు చేసిన పరీక్షల గురించి చెప్పాలి. గడ్డం ఆనించి కూర్చోబెట్టి దీపం వేసి చూసే యంత్రం దగ్గర, ముందు కింది రెప్ప మడతలో సన్నటి కాగితపు పట్టీ తగిలించి ఐదు నిమిషాలు ఉంచారు. అది బాగానే తడిసింది. తర్వాత పసుపు రంగు చుక్క వేసి, రెప్ప కొట్టకుండా చూడమని, కంటి మీద నీటి పొర ఎంతసేపు చెదరకుండా నిలుస్తుందో చూశారు. పది సెకన్లన్నా నిలవాలట, నాది చాలా ముందే విడిపోయింది. ఆఖరున వేలితో రెప్ప అంచుని మెల్లగా నొక్కారు. "మీకు నీళ్లకి కొదవ లేదండీ, నూనె అందటం లేదు" అన్నారు.

మన రెప్పల్లో మైబోమియన్ గ్రంథులని ఉంటాయి. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా. వీటి నుంచి వచ్చే సన్నటి నూనె కన్నీటి మీద పొరలా పరుచుకుని, నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. రెప్పలు వాచినప్పుడు ఆ నూనె చలికాలపు నెయ్యిలా పేరుకుని గ్రంథుల నోళ్లు మూసేస్తుంది. నూనె లేని నీరు ఇట్టే ఆరిపోతుంది. ఆరిన కన్ను మంట పుట్టి, ఒక్కసారిగా బొటబొటా నీళ్లు కారుస్తుంది. ఆ నీళ్లకీ నూనె ఉండదు కాబట్టి అవీ నిలవవు. నీళ్లు కారే కంటిని పొడికన్ను అంటే ఇంట్లో నమ్మరు. నన్ను చూసి "ఏడుస్తున్నావేంటి" అని అడిగినవాళ్లు ఎంతమందో.

అందుకే ముందు వేడి. రెప్పకి 40 డిగ్రీల దగ్గర వేడి తగిలి, అది ఐదు నుంచి పది నిమిషాలు నిలవాలి. మా డాక్టర్ మొదట గుడ్డ కాపడమే చెప్పారు. వేడినీళ్లలో ముంచిన జేబురుమాలు ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది. చాలామంది "కాపడం పెట్టానండీ, ఏం లాభం లేదు" అనేది ఇందుకే. దానికి ఉపాయం, మూడు నాలుగు రుమాళ్లు ఒకదానిలో ఒకటి చుట్టి తడిపి వేడి చేసి, పైది చల్లారగానే దాన్ని తీసి లోపలిది వాడటం. ఖర్చు లేదు, పని మాత్రం ఎక్కువ. ఒక ఏడాది పైగా అలాగే చేశాను, గుణం కనిపించింది.

తర్వాత పూసలు నింపిన కళ్లమాస్క్ కొన్నాను, మైక్రోవేవ్‌లో పెట్టి వేడి చేసేది. అట్ట మీద రాసినన్ని సెకన్లే పెట్టాలి, ఒక్క సెకను కూడా ఎక్కువ వద్దు. కంటి మీద పెట్టేముందు మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోవాలి, అక్కడ హాయిగా ఉంటేనే కంటికి. ఇది పది నిమిషాలూ వేడి వదలదు. నేను కొన్నవాటిలో డబ్బుకి తగ్గ వస్తువు ఇదొక్కటే అనిపిస్తుంది. గుడ్డ కొన్నాళ్లకి కుట్ల దగ్గర పిగులుతుంది, అప్పుడు మార్చేయాలి. ఛార్జింగ్ కేబుల్‌తో పనిచేసే మాస్క్ కూడా వాడాను. కరెంటు పోయినా పవర్ బ్యాంకుతో నడుస్తుంది, ప్రయాణంలో సుఖం. కానీ పొడి వేడి, పైగా నా ముఖానికి అది సరిగా ఆనలేదు, ముక్కు పక్కన సందులోంచి వేడంతా పోయేది. ఊరు వెళ్లినప్పుడు తప్ప దాన్ని తీయను.

ఇంట్లో దీని మీద చాలా రోజులు గొడవ నడిచింది. మా అమ్మ లెక్కలో నాకు కళ్లు వేడి చేశాయి. వేడి చేసిన కంటికి చల్లగా నందివర్ధనం పూలు పెట్టాలి గానీ కాగిన గుడ్డ పెడతారా అని ఆవిడ బాధ. "కళ్లు పోగొట్టుకుంటావురా నాయనా" అని రోజూ అనేది. నేను ఆవిడ మాట కొట్టిపారేయలేదు. దుమ్ము పడి దురద పుట్టిన రోజున, అలర్జీతో కళ్లు ఉబ్బిన రోజున చల్లదనమే హాయి, డాక్టర్ కూడా అదే చెప్పారు. మూసిన రెప్పల మీద పూలు పెట్టుకుంటే నష్టం లేదు, ఆ పూల పాలు మాత్రం కంట్లో పడకూడదు. పేరుకున్న నూనె కరగడానికి మాత్రం వేడే కావాలి. కొన్ని నెలల తర్వాత పొద్దున నా రెప్పలు తేటగా కనబడటం చూసి, ఇప్పుడు అమ్మే పడుకోబోయే ముందు "కాపడం పెట్టుకున్నావా" అని గుర్తుచేస్తుంది.

కాపడం తీసిన వెంటనే, వేడి ఆరకముందే రెప్పల్ని నిమరాలి. పై రెప్పని పై నుంచి కిందికి, కింది రెప్పని కింద నుంచి పైకి, అంటే రెండూ వెంట్రుకల వైపుకే. వేలి కొనతో తేలిగ్గా, గుడ్డు మీద బరువు పడకుండా. గట్టిగా నలిపితే నల్లగుడ్డుకే ముప్పు. తర్వాత అంచు శుభ్రం చేసుకోవడం. మొదట్లో గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల బేబీ షాంపూ కలిపి దూది పుల్లతో తుడిచేవాణ్ణి. పొట్టు పోయేది గానీ మంట, పైగా రెప్ప చర్మం ఎండి పొలుసులు లేచేవి. రెప్పల కోసమే అమ్మే నురగ క్లెన్సర్‌కి మారాక ఆ ఇబ్బంది పోయింది. తడి వైప్స్ సీజన్‌లో పనికొస్తాయి. యార్డు నుంచి ఇంటికొచ్చి ముందు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, తర్వాతే రెప్ప ముట్టుకోవాలి. గోరు సందులో మిర్చి ఉంటే ఏమవుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

వెంట్రుకల మొదట్లో గొట్టంలా చుట్టుకున్న పొట్టు కనిపిస్తే అది డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగుల గుర్తు. 0.3 మిల్లీమీటరు పొడవుంటాయి, మామూలు కంటికి ఆనవు. నాకు ఒక చలికాలం అవి ఎక్కువయ్యాయి, టీ ట్రీ సారం ఉన్న వైప్స్ కొన్ని వారాలు వాడమన్నారు. చురుక్కుమంటాయి గానీ పనిచేశాయి. అసలు టీ ట్రీ నూనె సీసా కొని నేరుగా రాసుకోకండి, కన్ను కాలుతుంది. అమెరికాలో ఈ పురుగుల కోసమే లోటిలనర్ అనే చుక్కలమందుకి 2023లో అనుమతి వచ్చింది, అక్కడున్న మనవాళ్లు డాక్టర్‌ని అడగొచ్చు. ఇంకోటి, తలలో చుండ్రు ఉన్నవాళ్లకి రెప్పల్లోనూ పొట్టు లేస్తుంది. నా చుండ్రుకి కీటోకోనజోల్ షాంపూ మొదలుపెట్టాక రెప్పలు కూడా కొంత నెమ్మదించాయి.

ఇక కంటిని తడిపే చుక్కలు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం ఉన్నవి అందరికీ తెలిసినవే, రిఫ్రెష్ టియర్స్ ఆ రకమే. వేయగానే హాయి, నాకు గంటసేపు కూడా నిలవదు. 1 శాతం చిక్కటిది ఎక్కువసేపు ఉంటుంది, కానీ వేసిన కాసేపు చూపు మసక, తక్‌పట్టీ మీద అంకెలు కొట్టే పనిలో అది కుదరదు. పడుకునేముందు వేసుకుంటాను. పగటికి నాకు కుదిరింది సోడియం హైలురోనేట్. కొనేముందు సీసా మీద చూడాల్సింది ప్రిజర్వేటివ్ పేరు, అంటే మందు పాడవకుండా కలిపేది. బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే రోజుకి నాలుగుసార్లకి మించి వాడేవాళ్లకి అదే కంటి పైపొరని దెబ్బతీస్తుంది. ఎక్కువసార్లు వేసుకునేవాళ్లు ప్రిజర్వేటివ్ లేని చిన్న చిన్న వయల్స్ తీసుకోవాలి. ఖరీదు ఎక్కువే, నాకూ బాధగానే ఉంటుంది. అయినా తెరిచిన వయల్‌ని పొదుపు కోసం మర్నాటికి దాచకండి. 2023లో అమెరికాలో ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్లు కలుషితమై సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు వచ్చాయి. కొందరి చూపు పోయింది, నలుగురి ప్రాణాలు పోయాయి. ఆ మందు తయారైంది మన దేశంలోనే. అది చదివాక సీసా మూతి రెప్పకి తగలకుండా వేసుకోవడం, తెరిచిన సీసాని నెల దాటగానే పారేయడం నాకు నియమమైంది.

ఎరుపు పోగొట్టే చుక్కల జోలికి అసలు వెళ్లొద్దు. రక్తనాళాలు కుదించి తెల్లగా చూపిస్తాయి, ప్రభావం తగ్గాక ఎరుపు ఇంకా ఎక్కువవుతుంది. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు మన మెడికల్ షాపుల్లో అడిగితే ఇచ్చేస్తున్నారు, నాకు చాలా కోపం వచ్చే విషయం ఇది. రెండో రోజుకే కన్ను తేటపడుతుంది కాబట్టి జనం మళ్లీ మళ్లీ కొంటారు. నెలల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినొచ్చు, శుక్లం రావచ్చు. నాకూ ఒకసారి డాక్టర్ ఇచ్చారు, తక్కువ రోజులకి, మోతాదు తగ్గించుకుంటూ, మధ్యలో ప్రెషర్ చూసి. అలా అయితేనే.

వాపు తగ్గించే సైక్లోస్పోరిన్ 0.05 శాతం చుక్కలు కూడా వాడాను. మొదటి వారాల్లో మంట, ఫలితం కనిపించడానికి నెలలు పట్టింది. కొంత మేలు చేసింది, కాపడం చేసినంత కాదు. డాక్సీసైక్లిన్ మాత్రలు తక్కువ మోతాదులో కొన్ని నెలలు ఇచ్చారు. క్రిములని చంపడానికి అనుకుంటారు గానీ, ఇక్కడ ఇచ్చేది ముఖ్యంగా వాపు తగ్గడానికి. అన్నం తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో, వేసుకున్న వెంటనే నడుం వాల్చకుండా వేసుకోవాలి, లేకపోతే గుండెల్లో మంట. ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది, గుంటూరు ఎండలో టోపీ లేకుండా బయటికి పోలేకపోయాను. గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఇది పనికిరాదు. నాకు గట్టిగా పనిచేసిన మందు ఇదే, ముఖ్యంగా మాటిమాటికీ లేచే కంటికురుపులు ఆ తర్వాత ఆగాయి.

చేపనూనె క్యాప్సూల్స్ మీద ఆశ పెట్టుకుని చాలా కాలం మింగాను, తేడా కనిపించలేదు. 2018లో వచ్చిన డ్రీమ్ అనే అధ్యయనంలో పొడికళ్లున్న 535 మందిని ఏడాదిపాటు చూశారు. కొందరికి చేపనూనెలో ఉండే ఒమేగా-3 రోజుకి 3 గ్రాములు, పోల్చి చూడటానికి కొందరికి ఆలివ్ నూనె. రెండు గుంపులకీ ఒకేలా తగ్గింది. ఆ డబ్బుని ఇప్పుడు వయల్స్‌కి పెడుతున్నాను.

మందుల అవతల నాకు మేలు చేసిన రెండు సంగతులున్నాయి. మిర్చి కోరుకి తుమ్ములు వస్తాయని సీజనంతా సెట్రిజిన్ వేసుకోవడం మా కొట్టులో అందరికీ అలవాటు. ఆ మాత్ర కన్నీటిని కూడా ఎండగడుతుందని డాక్టర్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. దాని బదులు మాస్కు కట్టుకుని, ముక్కులో స్ప్రే వాడుతున్నాను. రెండోది మానిటర్. ఎత్తు కోసం దాని కింద పాత ఖాతా పుస్తకాలు రెండు పెట్టి ఉండేవి, అవి తీసేయించాను. తల ఎత్తి చూసేటప్పుడు కన్ను పెద్దగా తెరుచుకుని త్వరగా ఆరుతుంది, కిందికి చూస్తే రెప్ప సగం కప్పి కాపాడుతుంది. తెర ముందు మనం రెప్ప కొట్టడం సగానికి పైగా తగ్గిపోతుంది, అదీ సగం సగమే మూస్తాం. ఒక్కో పట్టీ ప్రింటర్‌లోంచి వచ్చేలోపు కళ్లు పూర్తిగా మూసి తెరవడం అలవాటు చేసుకున్నాను. బండి మీద హెల్మెట్ అద్దం దించుతాను, రాత్రి ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా మంచం జరిపాను.

ఇప్పుడు ఎలా ఉందంటే, జబ్బు పోలేదు. పొద్దున రెప్పలు అంటుకోవడం లేదు, చుక్కలు మామూలు రోజుల్లో రెండుమూడుసార్లకి మించి అవసరం పడటం లేదు. సీజన్‌లో పెంచుతాను. పెళ్లిళ్లకో ఊళ్లకో వెళ్లి కాపడం ఒక వారం మానేస్తే మళ్లీ గరగర మొదలవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండుమూడు నెలలు ఆగకుండా చేశాకే పనిచేసిందో లేదో తేల్చుకోండి.

ఇంట్లో ఎంత శ్రద్ధగా చేసుకున్నా కొన్నిటికి ఆగకూడదు. రెప్ప మీద ఒకేచోట గడ్డ మళ్లీ మళ్లీ లేస్తుంటే, అక్కడ వెంట్రుకలు రాలిపోతుంటే, ఒక కంటికే వాపు ఎన్ని మందులకీ లొంగకపోతే, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, అది రెప్ప క్యాన్సర్ కాదని పరీక్ష చేయించుకోవాలి. వెలుతురు చూడలేనంత నొప్పి, ఉన్నట్టుండి చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, వీటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నోరు ఎండిపోవడం, కీళ్ల నొప్పులు కూడా తోడుంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. షోగ్రెన్ అనే ఒళ్లంతటి జబ్బులో కళ్లు పొడిబారడంతోనే మొదలవడం ఉంది, దానికి వేరే రక్తపరీక్షలు చేస్తారు.