ట్రినిడాడ్‌లో కడుపు నిండింది, టొబాగోలో గది దగ్గర మోసపోయాం

రాత్రికి 110 డాలర్లని చూసి బుక్ చేసుకున్న గదికి చివరికి మేం కట్టింది 147 డాలర్లు. అది చాలక శుభ్రం చేసినందుకని మరో 40. కరీబియన్ దీవులకు బయల్దేరే మనవాళ్లు ముందు ఈ లెక్క తెలుసుకోవాలనే ఇది రాస్తున్నాను. ఆ గది సంగతి పక్కన పెడితే ఇంత తృప్తిగా తిరిగొచ్చిన ప్రయాణం ఈ మధ్యకాలంలో లేదు. అది కూడా చెప్పాలి.

మేం ఉండేది న్యూజెర్సీలో. సెలవులంటే మా స్నేహితులు చాలామంది కాంకూనో బహమాసో వెళ్లి, తిండితో సహా అన్నీ కలిపిన ప్యాకేజీ తీసుకుని, రిసార్టు గేటు దాటకుండా తిరిగొస్తారు. మాంసం తినేవాళ్లకీ, మందు తాగేవాళ్లకీ అది గిట్టుబాటే. మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. అంతంత డబ్బు కట్టి ఆవిడకు మూడు పూటలా బ్రెడ్డూ పుచ్చకాయ ముక్కలూ పెట్టడం నాకిష్టం లేదు. అందుకే ట్రినిడాడ్, టొబాగో దీవులు రెండూ కలిసిన దేశం, ట్రినిడాడ్ అండ్ టొబాగో అన్నాను. మావారు మొహం చిట్లించారు. "అక్కడ క్రికెట్ గ్రౌండ్ తప్ప ఏముంది?" అన్నారు.

బయల్దేరే ముందు ఒక్క విషయం. అమెరికాలో హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్లు ఈ దీవుల జోలికి వెళ్లకండి. గడువు తీరిన స్టాంపుతో తిరిగి రానిచ్చే వెసులుబాటు హెచ్‌1బీ వాళ్లకి కెనడా, మెక్సికోలకు చిన్న ట్రిప్పు వేస్తేనే వర్తిస్తుంది, కరీబియన్ దీవులకు వర్తించదు. స్టాంపు ఉందో లేదో చూశాకే టికెట్లు కొనండి. ఇంకోటి, మిలిటరీ మచ్చల డిజైన్ ఉన్న బట్టలు ట్రినిడాడ్ అండ్ టొబాగోలో చట్టప్రకారం నిషేధం. పిల్లల టోపీలు, నిక్కర్లు కూడా లెక్కే. మావాడి నిక్కరు ఒకటి సూట్‌కేసులోంచి తీసి ఇంట్లోనే వదిలేశాం.

న్యూయార్క్ నుంచి విమానం ఐదు గంటలు. దిగాక ఎయిర్‌పోర్టు నుంచి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి టాక్సీ 35 అమెరికన్ డాలర్లు. టాక్సీలకు మీటరు ఉండదు, ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి. నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలైతేనే అది లైసెన్సున్న టాక్సీ, పీ అని ఉంటే సొంత కారు, ఎక్కకండి. ఎవరు ఏ రేటు చెప్పినా "టీటీనా, యూఎస్సా?" అని అడగండి. టీటీ అంటే ట్రినిడాడ్ అండ్ టొబాగో డాలరు. రెండిటినీ డాలర్లనే అంటారు, ఒక అమెరికన్ డాలరుకు ఆరున్నర పైచిలుకు టీటీ డాలర్లు వస్తాయి. ఆ ప్రశ్న అడగకపోతే బీచిలో పడవవాడు చెప్పిన రేటుకు గుండె ఆగినంత పనవుతుంది.

ఇక తిండి. మొదటి రోజు పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ అమ్మే బండి దగ్గర ఆగాం. అమ్మే ఆవిడ చెక్కపెట్టె మీది గుడ్డ తొలగించి, పసుపు రంగులో మెత్తగా ఉన్న చిన్న పూరీలు రెండు కాగితం మీద పరిచింది. వాటిని బారా అంటారు. మీద గరిటెడు శనగల కూర, పైన చింతపండు చట్నీ, కీరా తురుము, మామిడికాయ తురుముతో చేసే కుచేలా. నేను పర్సులోంచి నోటు తీసేలోగా కాగితం మెలిపెట్టి చేతిలో పెట్టేసింది. ఒక్కోటి 7 టీటీ డాలర్లు, అంటే ఒక అమెరికన్ డాలరు కంటే కాస్త ఎక్కువ. అత్తయ్యగారు ముందు నూనె వాసన చూశారు, తర్వాత తన చేతిలోని కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూశారు, ఆ తర్వాత మాట్లాడకుండా మూడు తినేశారు. "ఇందులో కొత్తిమీర కాదు, ఇంకేదో ఆకు వేశారే" అన్నారు. నిజమే, దాన్ని షాడో బెనీ అంటారు. కొత్తిమీర వాసనే, ఇంకా ఘాటుగా ఉంటుంది. కారం ఎంత వెయ్యాలని అడుగుతారు. "స్లైట్" అనండి చాలు. మావారు గుంటూరు వాళ్లం కదా అని ఫుల్ అన్నారు. అక్కడి కారం గొంతులో కాదు, చెవుల్లో తెలుస్తుంది. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటినుంచి అత్తయ్యగారి తిండి గురించి నాకు టెన్షన్ లేదు. ప్రతి వీధిలో రోటీ షాపు ఉంటుంది. బఠాణీ పప్పు పొడి కూరి చేసే ధాల్‌పూరీలో బంగాళాదుంప, శనగల కూర చుట్టి ఇస్తారు, ఒక్కటి తింటే రాత్రి దాకా ఆకలి వెయ్యదు. గుమ్మడికాయ కూర, ఆకుకూర వేపుడు మన ఇంట్లో చేసినట్టే ఉంటాయి. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. కలాలూ అని చేమాకులు, బెండకాయలు, కొబ్బరి పాలు వేసి ఉడికిస్తారు, చూస్తే శాకాహారమే అనిపిస్తుంది. చాలాచోట్ల అందులో పీతో, ఉప్పు పంది మాంసమో వేస్తారు. మాకరోనీ పై అనే వంటకంలో గుడ్డు ఉంటుంది. అడిగితే ఎవరూ దాచరు, విసుక్కోరు.

ఈ తిండి అక్కడికి ఎలా చేరిందో మా టాక్సీ డ్రైవరు చెప్పాడు. 1845 మే 30న ఫతే అల్ రజాక్ అనే ఓడ మొదటి విడత భారతీయ కూలీలను ట్రినిడాడ్‌లో దించింది. చెరకు తోటల కోసం 1917 దాకా అలా లక్షా నలభై వేలకు పైగా మనుషులు వచ్చారు. ఎక్కువమంది కలకత్తా నుంచి, కొందరు మద్రాసు రేవు నుంచి. ఆ మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. భాష నిలవలేదు. కానీ ఊళ్లలో చాలా ఇళ్ల ముందు వెదురు కర్రలకు కట్టిన ఎర్ర, పసుపు, తెల్ల జెండాలు కనిపిస్తాయి. ఇంట్లో పూజ జరిగిన ప్రతిసారీ ఒకటి నాటుతారట. డ్రైవరు దారంతా అత్తయ్యగారిని ఆంటీ అని పిలిచి, హనుమంతుడికి మంగళవారమా శనివారమా అని అడిగాడు. ఆవిడ తెలుగులో, అతను ఇంగ్లీషులో, నేను మధ్యలో.

వాటర్‌లూ గ్రామంలో సముద్రంలోని గుడికి తప్పకుండా వెళ్లండి. ప్రవేశం ఉచితం. శివదాస్ సాధు అనే తోట కూలీ 1940లలో ఒడ్డున గుడి కట్టుకుంటే, ఆ నేల చెరకు కంపెనీదని దాన్ని కూల్చేసి, ఆయన్ను జైల్లో పెట్టారు. నేల మీద చోటు లేదంటే సముద్రం ఎవరిదీ కాదు కదా అని, బయటికొచ్చాక సైకిల్ మీద రాళ్లూ మట్టీ మోసుకెళ్లి నీళ్లలో దారి పోసి గుడి కట్టడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి ఒక్కడే పని చేశాడు. ఇప్పుడున్న కట్టడం 1995లో, మొదటి ఓడ వచ్చి నూట యాభై ఏళ్లయిన సందర్భంగా పూర్తి చేశారు. ఆటు సమయంలో వెళ్తే చుట్టూ బురదే కనిపిస్తుంది, పోటు సమయం కనుక్కుని వెళ్లండి. అక్కడికి దగ్గర్లోనే కారాపిచైమాలో 85 అడుగుల హనుమంతుడి విగ్రహం ఉంది. అది మైసూరు గణపతి సచ్చిదానంద స్వామీజీ ఆశ్రమం వాళ్ల దత్తాత్రేయ ఆలయం. అత్తయ్యగారు ఎండలో ప్రదక్షిణలు చేస్తుంటే మావాడూ వెనకే తిరిగాడు.

కరోని చిత్తడి నేలల్లో సాయంత్రం పడవ, గూటికి చేరే ఎర్ర ఐబిస్ పక్షులు, అంతా సాఫీగా జరిగింది. మావారికి క్వీన్స్ పార్క్ ఓవల్ చూపించాను. 1971లో వెస్టిండీస్ మీద మన దేశం గెలిచిన మొదటి టెస్టు అక్కడే. గవాస్కర్‌కి అది తొలి టెస్టు, గెలుపు సమయానికి ఆయనతో క్రీజులో ఉన్నది మన హైదరాబాదీ ఆబిద్ అలీ. ఆ గేటు దగ్గర మావారి మూడ్ పూర్తిగా మారిపోయింది.

టొబాగోకి ఓడలో వెళ్లాం. మనిషికి 75 టీటీ డాలర్లు, నాలుగు గంటలు. సముద్రం ఎత్తెత్తి వేసింది, అత్తయ్యగారు అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకునే ఉన్నారు. పెద్దవాళ్లుంటే డబ్బు చూసుకోకుండా విమానం ఎక్కండి, అరగంట కూడా పట్టదు.

అలా అలిసిపోయి దిగితే ఆ గది. ఫోటోలో బాల్కనీ ముందు నిండుగా సముద్రం ఉంది. అసలు బాల్కనీ చివర నిలబడి మెడ సాచితే, పక్కింటి నీళ్ల ట్యాంకుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య జానెడు నీలం కనిపించింది. ఏసీ రిమోట్ అడిగితే రోజుకి 15 డాలర్లన్నాడు యజమాని. గది పన్ను పది శాతం, సర్వీస్ చార్జీ పది శాతం వేశాడు. ఈ రెండూ అక్కడ మామూలే, ముందే అంకె చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉందట. ఏసీ డబ్బు, క్లీనింగ్ డబ్బు మాత్రం ఎక్కడా రాసి లేవు. ప్రింటు తీసిన కాగితం చూపిస్తే "ఇక్కడి పద్ధతి ఇంతే" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఒళ్లంతా సబ్బు పట్టించుకున్నాక కొళాయి ఆగిపోయింది. ఎండాకాలంలో నీళ్లు వంతులవారీగా రావడం ఆ దీవుల్లో ఉన్నదే, అందుకే ఇంటింటికీ ట్యాంకు ఉంటుంది. మా ట్యాంకు మాత్రం ఖాళీ. మోటారు ఎనిమిదింటికి వేస్తామన్నారు. అత్తయ్యగారు స్నానం చెయ్యకుండా దీపం పెట్టరు, దీపం పెట్టకుండా కాఫీ కూడా తాగరు. తొమ్మిది దాటేదాకా మంచం మీద అలాగే కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. వేరే హోటల్‌కి మారిపోదామని మావారన్నారు, కానీ కట్టిన డబ్బు వెనక్కివ్వనన్నాడు ఆ యజమాని. ఇంటికొచ్చాక ఫోటోలూ మెసేజిలూ జతచేసి కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. ఏసీ, క్లీనింగ్ డబ్బులు తిరిగొచ్చాయి. నగదు ఇచ్చి ఉంటే అవీ పోయేవి. కాబట్టి పన్నులతో కలిపి చివరి అంకె ఎంత, ఏసీ అందులో ఉందా, ట్యాంకు నిండా నీళ్లుంటాయా అని ముందే మెసేజిలో అడిగి, జవాబు వచ్చాకే కార్డుతో కట్టండి. నోటిమాట పనికిరాదు.

టొబాగో అందంలో లోపం లేదు. పిజియన్ పాయింట్ బీచికి ప్రవేశం 20 టీటీ డాలర్లు, బట్టలు మార్చుకునే గదులు శుభ్రంగా ఉన్నాయి. అడుగున అద్దం ఉన్న పడవలో బక్కూ రీఫ్ అనే పగడాల దిబ్బ, నైలాన్ పూల్ చూపిస్తారు. నైలాన్ పూల్ అంటే ఒడ్డుకు దూరంగా, సముద్రం మధ్యలో నడుములోతు నీళ్లు, కింద తెల్లని ఇసుక. ఈత రాని నేను కూడా దిగి నిలబడ్డాను. పగడాల మీద కాలు పెట్టవద్దు, పడవవాళ్లు ఫర్వాలేదన్నా పెట్టవద్దు. సాయంత్రం ఇసుక ఈగలు కాళ్లను వదలవు, పొద్దు వాలేలోగా లేచేయండి.

జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ. కార్నివాల్ అనే పెద్ద వీధి పండగ వారం వద్దు, గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. రాత్రిపూట పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో నడవకండి, హోటల్ వాళ్లతోనే టాక్సీ పిలిపించుకోండి. దీపావళి అక్కడ ప్రభుత్వ సెలవు, ఊళ్లకు ఊళ్లే దీపాలు పెడతాయి. వానలున్నా సరే ఈసారి దీపావళికే వెళ్దామని అత్తయ్యగారు పట్టుబట్టారు. ట్రినిడాడ్‌లోని చగువానాస్ పట్టణం దగ్గర గది కోసం ఇప్పటికే ఇద్దరికి మెసేజి పెట్టాను. ఒకరు నీళ్ల ట్యాంకు ఫోటో కూడా పంపారు.