గ్రెప్‌తో ఇంగ్లిష్ పదాల వేట: ఏడాదిన్నర వాడాక

పదంలో క్యూ ఉండాలి, యూ ఉండకూడదు. గ్రెప్‌కి (ఫైల్లో మనం అడిగినవి ఉన్న వరసల్ని ఏరి చూపించే కమాండ్) ఈ సంగతి చెప్పడానికి రెండు ముక్కలు చాలు. క్యూ ఉన్నవన్నీ తియ్యి, వాటిల్లోంచి యూ ఉన్నవి పారెయ్యి (అదే మైనస్ వీ), మధ్యలో ఒక నిలువు గీత (|), మొదటి ముక్క ఫలితాన్ని రెండోదానికి అందించేది. క్యూతో రాసే ఫకీర్, హీబ్రూ అక్షరం పేరు కోఫ్, ఇలా వరసగా వచ్చేస్తాయి. ఫోన్‌లో టెర్మక్స్ (ఇలాంటి కమాండ్లు నడిపే యాప్) ఎలా పెట్టుకోవాలో, ఎనేబుల్ అనే ఇంగ్లిష్ పదాల జాబితా (వరసకో పదం ఉండే ఫైల్) ఎలా దించుకోవాలో ఇక్కడ రాయడం లేదు, అవి అందరికీ తెలిసినవే. ఆ నిలువు గీత గురించి మాత్రం ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

ఎందుకంటే 'ఈ అక్షరాలున్న పదాలు' అనే మాటకి మూడు అర్థాలున్నాయి. అక్షరాలు పక్కపక్కనే ఉండాలా, ఏ వరసలో ఉన్నా ఫర్వాలేదా, లేక ఆ అక్షరాలు తప్ప వేరేవి ఉండకూడదా? మామూలు యాప్‌లలో ఒకే పెట్టె ఉంటుంది, అది వీటిలో దేన్ని వెతుకుతోందో చెప్పదు. గ్రెప్‌లో తికమక లేదు. ఈ (E), ఏ (A) కలిపి రాస్తే పక్కపక్కన ఉన్నవే వస్తాయి. రెండు విడి గ్రెప్‌లుగా, మధ్యలో నిలువు గీతతో రాస్తే వరస ఏదైనా వస్తాయి. చదరపు బ్రాకెట్లో పెట్టి, ముందు ^ (వరస మొదలు), వెనక * (ఎన్నిసార్లయినా), $ (వరస చివర) తగిలిస్తే ఆ అక్షరాలతో మాత్రమే కట్టినవి వస్తాయి. బీ, సీ, డీ, ఎన్, టీ అయిదింటినీ ఒక్కొక్కటిగా గొలుసు కట్టి చూడండి, వచ్చేవాటిలో బ్యాండికూట్ ఉంటుంది. మన పందికొక్కే ఇంగ్లిష్‌లోకి వెళ్లి ఆ పేరు పెట్టుకుంది. స్క్రీన్ మీద అది కనబడినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

వర్డిల్‌లో (అయిదక్షరాల పదాన్ని ఊహించే ఆట; పసుపంటే అక్షరం ఉంది కానీ చోటు వేరు, బూడిదంటే మామూలుగా లేదని) అయితే అసలు ఉపయోగం జంట అక్షరాల దగ్గర తెలుస్తుంది. జవాబు అబైడ్ (abide) అనుకోండి, మీరు స్పీడ్ (speed) కొట్టారు. మొదటి ఈ పసుపు, రెండో ఈ బూడిద, డీ పసుపు. బూడిద రంగు చూసి ఈని 'లేని అక్షరాల' పెట్టెలో వేస్తే అసలు జవాబే ఎగిరిపోతుంది. ఆ బూడిదకి అర్థం ఈ లేదని కాదు, ఒక్కటే ఉందని. గ్రెప్‌లో దాన్ని ఉన్నదున్నట్టు చెప్పొచ్చు: ఈ ఉన్నవి తియ్యి, తర్వాత మైనస్ వీతో 'ఈ, చుక్క, నక్షత్రం, ఈ' (చుక్క, నక్షత్రం అంటే మధ్యలో ఏమున్నా సరే) పారెయ్యి. అంటే రెండు ఈలున్నవి పోతాయి. మూడో చోటా నాలుగో చోటా ఈ ఉన్నవీ, చివర డీ ఉన్నవీ, ఎస్, పీ ఉన్నవీ తీసేస్తే అబైడ్ భద్రంగా మిగులుతుంది.

ఇంత నమ్మకంగా వాడుతున్న గొలుసు ఒకసారి పూర్తిగా తప్పు చూపించింది. జాబితాని వేరే చోటు నుంచి మళ్లీ దించాక, అయిదక్షరాల పదాలు అడిగితే (^, అయిదు చుక్కలు, $; ఒక్కో చుక్క ఏదో ఒక అక్షరం) నాలుగక్షరాలవి వచ్చాయి. ఐ-ఎన్-జీతో ముగిసేవి అడిగితే సున్నా. ఐ-ఎన్-జీ ఎక్కడున్నా సరే అంటే వేలల్లో. బ్రాకెట్ వెతుకులాట ఖాళీ. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, 'చివర డీ ఉన్నవి పారెయ్యి' అన్న మెట్టు ఒక్కదాన్నీ పారెయ్యలేదు, తప్పని కూడా చెప్పలేదు. ఆచూకీ దొరికింది రెండక్షరాల పదాల దగ్గర. అడిగితే నాలుగే వచ్చాయి, ఆ నాలుగూ చేత్తో చేర్చినవే.

కారణం ఇది. ఆ ఫైల్ విండోస్ పద్ధతిలో తయారైంది. ప్రతి వరస చివర కంటికి కనబడని అక్షరం ఒకటి అదనంగా ఉంటుంది, గ్రెప్ దాన్నీ లెక్కేస్తుంది. అందుకే నాలుగు అయిదవుతుంది, చివరి డీ చివరిది కాకుండా పోతుంది. నేను చేత్తో చేర్చిన వరసలకి అది లేదు, అందుకే అవి మాత్రం సరిగ్గా వచ్చాయి. ఫైల్‌ని తెర మీద చూపించే క్యాట్ కమాండ్‌కి మైనస్ పెద్ద ఏ తగిలించి చూస్తే, మంచి ఫైల్లో వరస చివర $ ఒక్కటే ఉంటుంది, చెడిన దాంట్లో దానికి ముందు ^ఎం కనిపిస్తుంది. అడిగిన అక్షరాన్ని తీసేసే టీఆర్ మైనస్ డీకి కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ ఆర్ ఇస్తే శుభ్రమైపోతుంది. ఫలితాన్ని తప్పకుండా కొత్త పేరుతో దాచండి. పాత పేరే ఇచ్చారంటే, చదవడం మొదలవకముందే షెల్ (మన కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ని ఖాళీ చేసేస్తుంది, జాబితా మొత్తం పోతుంది. అప్పట్నుంచి ఏ జాబితా దించినా ముందు ఐ-ఎన్-జీ పరీక్ష పెట్టాకే వాడుతున్నాను.

చేత్తో చేర్చినవి అన్నాను కదా, అక్కడే జాబితా మీద నా మెప్పు కొంచెం తగ్గించుకోవాలి. ఎనేబుల్‌లో 1,72,800 పైచిలుకు పదాలున్నాయి, కాపీరైట్ బెడద లేదు, అన్నీ చిన్న అక్షరాలే. కానీ పాతది. స్క్రాబుల్‌లో ప్రాణాధారమైన క్యూ-ఐ, జెడ్-ఏ అందులో లేవు. 2018లో అమెరికా స్క్రాబుల్ జాబితాకెక్కిన ఓకే, ఈ-డబ్ల్యూ కూడా లేవు. లైనక్స్‌తో వచ్చే డిక్షనరీ ఫైల్ వాడదామంటే దాంట్లో మనుషుల పేర్లూ అపాస్ట్రఫీలూ కలిసి ఉంటాయి, అది ఇంకా చిక్కు.

స్పెల్లింగ్ బీకి (ఇచ్చిన ఏడు అక్షరాలతో, నడిమి అక్షరం తప్పక ఉండేలా పదాలు కట్టే ఆట) బ్రాకెట్ పద్ధతి అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడొచ్చు. కనీసం నాలుగు అక్షరాలనే షరతు పెట్టి, నడిమి అక్షరాన్ని గొలుసులో ఇంకో ముక్కగా చేర్చడమే. స్క్రాబుల్‌కి ఇదే పద్ధతి మోసం. చేతిలో టీ, ఏ, ఆర్ ఒక్కొక్కటే ఉన్నా టార్టార్ చూపిస్తుంది. చేతిలోని ఏడూ వేరువేరు అక్షరాలైతే ఒక చిట్కా ఉంది: ఏదో ఒక అక్షరం రెండోసారి వచ్చిన పదాలన్నిటినీ బ్యాక్‌రిఫరెన్స్‌తో (ముందు దొరికిన అక్షరాన్నే మళ్లీ వెతికే గుర్తు) ఒక్క దెబ్బకి పారెయ్యొచ్చు. మైనస్ వీ, బ్యాక్‌స్లాష్ బ్రాకెట్ల మధ్య చుక్క, ఆ తర్వాత చుక్క నక్షత్రం, చివర బ్యాక్‌స్లాష్ 1. చేతిలో జంట అక్షరం ఉంటే మాత్రం ఈ చిట్కా చెల్లదు. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ల ఉంటే ఇంక గ్రెప్ పక్కన పెట్టి, అక్షరాలు లెక్కపెట్టే యాప్ తెరవాల్సిందే.

నేను ఎక్కువగా ఆడేది వర్డిల్, స్పెల్లింగ్ బీ. వాటికి ఇది నాకు చక్కగా సరిపోయింది. అది కూడా ఫోన్‌కి బ్లూటూత్ కీబోర్డు ఉంది కాబట్టి. తెర మీది కీబోర్డులో ^, $, | కోసం ప్రతిసారీ పేజీలు మార్చాలంటే ఓపిక చాలదు. కాలిన్స్ జాబితాతో స్క్రాబుల్ టోర్నమెంట్లు ఆడేవాళ్లకి ఎనేబుల్ చాలదు, అక్కడ పదాలు 2,80,000 దాకా ఉంటాయి. గ్రెప్ మాత్రం అదే, జాబితానే మార్చుకోవాలి.