గ్రీన్‌కార్డు నుంచి పౌరసత్వానికి: జయనగరలోని ఒక సలహా కేంద్రం

అమెరికా గ్రీన్‌కార్డు ఉండి, ఏడాదిలో కొంత కాలం బెంగళూరులోని పిల్లల దగ్గర గడిపే తెలుగు పెద్దలలో మా అత్తయ్యగారు, మామయ్యగారు కూడా ఉన్నారు. న్యూజెర్సీలో ఉన్న మా బావగారు వారిచేత పౌరసత్వానికి దరఖాస్తు చేయించాలనుకోవడంతో, కాగితాలు సిద్ధం చేయించడానికి వారిని జయనగరలోని ఒక సలహా కేంద్రానికి తీసుకువెళ్ళాను.

అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది, పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం తెరవకముందే పాత పాస్‌పోర్టులన్నీ బల్ల మీద పరచి, ఒక్కొక్క ముద్రా చూసి, రాకపోకల పట్టిక రాయడం. గ్రీన్‌కార్డు వచ్చి 5 సంవత్సరాలు నిండాలన్న సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఆ 5 సంవత్సరాలలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలని, ఒకే విడతలో 6 నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిపోయినట్లు అధికారులు భావిస్తారని, తెగలేదని రుజువు చేసుకోవలసింది దరఖాస్తుదారేనని, ఆ గైర్హాజరీ ఏడాదికి చేరితే రుజువులకు కూడా తావుండదని ఎంతమందికి తెలుసు? మోకాలి శస్త్రచికిత్స కారణంగా మామయ్యగారు ఏడాదికి పైగా ఇక్కడే ఉండిపోయారు. ఆయన దగ్గరున్న రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువ కాలం బయట ఉన్నా తిరిగి అమెరికాలో ప్రవేశించడానికి ఇచ్చే అనుమతి పత్రం) గ్రీన్‌కార్డును నిలబెడుతుందే తప్ప, పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసాన్ని నిలబెట్టదని సలహాదారు ఎంతో ఓపికగా వివరించారు. తిరిగి వెళ్ళిన తేదీ నుంచి కనీసం 4 సంవత్సరాల 1 రోజు గడవాలని చెప్పి, ఆయన పేరిట రుసుము తీసుకోలేదు. చేతికి రాబోయే డబ్బును వదులుకొని ఉన్నమాట చెప్పిన ఆ నిజాయితీకి నేను మనసారా నమస్కరిస్తున్నాను.

అత్తయ్యగారి విషయంలో మాత్రం వారి శ్రద్ధ చాలలేదు. 55 ఏళ్ళు దాటి, 15 ఏళ్ళకు పైగా గ్రీన్‌కార్డు ఉన్నవారికి పౌరసత్వ ఇంటర్వ్యూలో ఆంగ్ల పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. అమెరికా చరిత్ర, ప్రభుత్వాల మీద అడిగే పౌరశాస్త్ర ప్రశ్నలకు దుభాషి సహాయంతో తెలుగులోనే జవాబులు చెప్పవచ్చు. ఈ అర్హత ఆమెకు ఉన్నా, ఆంగ్ల సంభాషణ తరగతులలో చేరమన్నారు, మేము అడిగాకే విరమించుకున్నారు. ఇచ్చిన పుస్తకం కూడా పాత 100 ప్రశ్నలదే. 2025 అక్టోబరు 20 నుంచి దాఖలైన దరఖాస్తులకు 128 ప్రశ్నల జాబితా వర్తిస్తుంది; అందులోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. రోజూ దినపత్రిక ఆసాంతం చదివే మనిషిని, తన భాషలో నిబ్బరంగా చెప్పగలిగిన జవాబుల కోసం, రాని భాషతో భయపెట్టడం నాకు బాధ కలిగించింది.

అమెరికా పౌరసత్వం తీసుకుంటే ఇటు భారతదేశంలో కలిగే పర్యవసానాలను చక్కగా చెప్పారు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మరో దేశ పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా స్వీకరించగానే భారత పౌరసత్వం పోతుంది. భారత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి; ఆపై ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) తీసుకోవచ్చు. ఆ కార్డుతో ఓటు వేయలేరు, వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా పొందవచ్చు. మదనపల్లె దగ్గర పొలం ఉన్న మా ఇంటికి ఈ ఒక్క మాటే ఎంతో విలువైనది.

తాము న్యాయవాదులు కామని వారు కాగితం మీదే రాసి ఇస్తారు. పాత పోలీసు కేసులు, పన్నుల చిక్కులు ఉన్నవారు ఇక్కడికి కాక అమెరికాలోని ఇమ్మిగ్రేషన్ న్యాయవాది దగ్గరకే వెళ్ళాలి.