చైత్రమా, చిత్తిరైయా: సరిహద్దు ఊళ్లలో రెండు క్యాలెండర్లు

నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఒకే వీధిలో ఉగాదీ, తమిళుల కొత్త సంవత్సరం పుత్తాండూ రెండూ జరుగుతాయి. మన చైత్రం చంద్రుడి లెక్క. ఫాల్గుణ అమావాస్య దాటాక సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజే ఉగాది, అందుకే తేదీ జరుగుతూ ఉంటుంది: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. తమిళుల మొదటి నెల చిత్తిరై సూర్యుడి మేష ప్రవేశంతో మొదలవుతుంది, ఏప్రిల్ 14కు ఒక రోజు అటూఇటూ తప్ప కదలదు.

తికమకంతా పౌర్ణమి దగ్గరే. తిరుమల వసంతోత్సవం మూడు రోజులూ చైత్ర పౌర్ణమితో ముగుస్తాయి. 2025లో అది ఏప్రిల్ 12. తమిళ క్యాలెండరులో అప్పటికింకా చిత్తిరైకి ముందు నెల పంగునే. చిత్తిరైలో వచ్చే వాళ్ల చిత్రా పౌర్ణమి మే 12న వచ్చింది. తమిళ క్యాలెండరు చూసి కొండకు బయలుదేరితే నెల ఆలస్యమే!

పండగ పచ్చడీ వేరే. మనది పచ్చిది: కొత్త చింతపండు పులుసు, బెల్లం, మామిడి ముక్కలు, ఉప్పు, కారం, వేపపువ్వు చివర్లో, కాడలు తీసి. మార్చి ఉగాదికి పువ్వు దొరకడమే కష్టం. తమిళులది వండినది. మామిడి ముక్క మెత్తబడకముందే బెల్లం వేస్తే ఇక ఉడకదు. పువ్వును నేతిలో వేయించి కలుపుతారు. చేదు తగ్గుతుంది, పిల్లలకు అదే నయం.